తడిగోనె కర్ర

బట్టీ మామ ఒంటి మీద నిప్పు ఏనాడూ ఒక్క మచ్చ కూడా వెయ్యలేదు. ఈ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే పిలిచి కూర్చోబెట్టి బట్టీ మామే చెప్పేవాడు. "నిప్పుకీ నాకూ ఒక మాటుంది. దాన్ని నేను ఆకలితో పడుకోబెట్టను, నన్ను అది ముట్టుకోదు" అనేవాడు. అని, కుడి మీసం ఒకసారి, ఎడమ మీసం ఒకసారి మెలేసేవాడు. అది చూడాల్సిన మీసం. రెండు కొసల మీదా రెండు నిమ్మకాయలు నిలబెట్టొచ్చని పాలాయన పందెం కాసేవాడు. దాని తెలుపులో వయసు వాటా ఎంత, పిండి వాటా ఎంత అన్నది తేల్చడం ఎవరి వల్లా కాలేదు.

ఎండలు మండే రోజుల్లో కూడా ఆయన మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన పొడుగు చేతుల చొక్కాలోనే ఉండేవాడు. అదేమిటి మామా అని అడిగితే, పొయ్యి ముందు నిలబడేవాడు పెళ్ళికొడుకులా ఉండాలి అనేవాడు. సరే, పెళ్ళికొడుకు ఇష్టం, మధ్యలో మనకెందుకు.

వీధి మలుపులో వాళ్ళ రొట్టెల దుకాణం. ముందు గదిలో అద్దాల బీరువా, దాని వెనక ఎత్తు కుర్చీలో బట్టీ మామ భార్య. మధ్య గదిలో పిండి బస్తాలు, పిండి పిసికే బల్ల. ఆ బల్ల కోడలి రాజ్యం. వెనక గదంతా ఇటుక బట్టీయే. బట్టీ మామ తండ్రి తన చేత్తో కట్టిన బట్టీ అది, ఏనుగు కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఎంత ఉంటుందో అంత ఉండేది. లోపల కట్టెలు కాల్చడం, ఇటుక నేల కాగాక నిప్పులు బయటికి లాగడం, బూడిద ఊడవడం, తెడ్డు మీద పిండిముద్దలు లోపలికి పంపడం, అదీ పని.

అయితే బూడిద ఊడ్చాక, ముద్దలు పెట్టేముందు, ఇంకో పని ఉంది. బట్టీ మామ అసలు గొప్పంతా అక్కడే ఉంది. పొడుగాటి కర్ర చివర గోనెపట్టా చుట్టి, బకెట్లో ముంచి, నీళ్ళోడుతుండగానే బట్టీలోకి తోసి నేలంతా ఒక్క చుట్టు తిప్పేవాడు. చుయ్‌మని ఆవిరి లేచేది. ఆ తడికి మిగిలిన బూడిద పోయేది, ఆ ఆవిరికి రొట్టె పైపొర నునుపు తేలేది. ఎదురింటి దర్జీ ఆ రొట్టెలో చూసుకుంటూ తల దువ్వుకునేవాడని చెప్పుకునేవారు. గోనె ఎంత తడపాలి, ఎంత పిండాలి, ఎంతసేపు తిప్పాలి అన్నది తండ్రి కొడుక్కి చెప్పిన విద్య. తడిగోనె కర్ర పట్టుకుని బట్టీ ముందు నిలబడితే ఆయనకి రాజదండం పట్టుకున్నట్టే ఉండేది.

కాలం ఎవరి రాజ్యాన్నీ ఉండనివ్వదు. బట్టీ పొగగొట్టం బీటలు వారింది. పొగ పైకి పోవడం మానేసి పక్కలకి పోవడం మొదలెట్టింది. దర్జీ కుట్టి ఆరేసిన తెల్ల చొక్కాలు సాయంత్రానికి బూడిదరంగు చొక్కాలయ్యేవి. ఆయన వచ్చి, నీ రొట్టెలో నా ముఖం కనిపిస్తోంది గానీ నా చొక్కాలో నీ పొగ కనిపిస్తోంది మామా అని వాపోయాడు. మేస్త్రీ వచ్చి గొట్టాన్ని వేలితో తట్టి, వేలు ఊదుకుని, దీన్ని బాగుచెయ్యడం కంటే దీనికి దండం పెట్టడం తేలిక అనేశాడు. కొడుకు వ్యానులో ఊరంతా రొట్టెలు వేసివచ్చే మనిషి, నలుగురి దుకాణాలూ చూసినవాడు. కరెంటు పొయ్యి కొందాం నాన్నా అన్నాడు.

బట్టీ మామ కొంతకాలం అలిగాడు. తర్వాత ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. పొయ్యి ఏదైనా కానీ, దాని ముందు నిలబడేది మాత్రం తనే. ఎందుకంటే అది కాకపోతే ఆయనకి ఆ దుకాణంలో మిగిలేది ముందు గదిలో కుర్చీ ఒక్కటే. వచ్చినవాళ్ళకి బన్నులు పొట్లం కట్టి ఇస్తూ కూర్చోవాలి. బట్టీ మామని బన్నుల మామ అంటారు. ఆ ఊహకే ఆయనకి అన్నం సహించలేదు. భార్య మాత్రం, నా పక్కన అసలు చోటెక్కడుందని ఇంత బెంగ అంది.

ఇటుక బట్టీ పడగొట్టారు, ఆ వెనక గదిలోకే పొయ్యి వచ్చింది. ఉక్కు ఒళ్ళు, రెండు అంతస్తులు, ఒక్కో అంతస్తుకి అద్దం తలుపు, లోపల రాతి పలకలు, పలకల కిందా పైనా వేడెక్కే కడ్డీలు, లోపల కాలుతున్నది కనిపించడానికి ఒక దీపం. దాన్ని దింపుతుంటే వీధిలో మగవాళ్ళు చాలక కుక్కలు కూడా భుజం పట్టాయని చెబుతారు. బిగించడానికి వచ్చిన ఫిట్టరు చెవిలో పెన్సిలుతో సన్నగా ఉన్నాడు. మాటకింత అని కరెంటు బిల్లు వస్తుందేమో అన్నట్టు పొదుపుగా మాట్లాడాడు.

గోడకి మెయిన్ స్విచ్చు పెట్టె బిగించాడు. దానికి తాళం. పొయ్యి ముందు నల్ల రబ్బరు చాప పరిచాడు. తర్వాత ఇంటిల్లిపాదినీ నిలబెట్టి పాఠం చెప్పాడు. తలుపు తీసేటప్పుడు ఎదురుగా నిలబడొద్దు. పక్కకి జరిగి, బెత్తెడు సందు తీసి, లోపలి ఆవిరి పోయాక పూర్తిగా తీయాలి. ట్రేలు పట్టుకోవడానికి పొడి గ్లౌజులే వాడాలి. తడిగుడ్డతో పట్టుకుంటే ఆ తడే మరిగి చేతిని ఉడికిస్తుంది. శుభ్రం చెయ్యాలంటే మెయిన్ దింపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, పొయ్యి చల్లారేదాకా ఓపిక పట్టి, అప్పుడు పొడి కుంచెతో దులపాలి. బట్టీ మామ భార్య అలవాటు కొద్దీ ఉతికిన తువ్వాలు తెచ్చి పొయ్యి నెత్తిన ఆరేయబోతే, ఫిట్టరు దాన్ని మర్యాదగా తీసి మడతపెట్టి ఆవిడ చేతిలోనే పెట్టాడు.

"అన్నిటికంటే ముఖ్యం ఇది. లోపలికి నీళ్ళు పోకూడదు. ఒక్క చుక్క కూడా" అన్నాడు.

ఆ ముక్క చెప్పేటప్పుడు బట్టీ మామ పొయ్యి పక్కన తన కర్ర ఆనించుకోవడానికి చోటు వెతుకుతున్నాడు. మాట చెవిన పడింది. ఆయన కాదనలేదు కూడా. పొయ్యిలో నీళ్ళు పోసేవాడు వెర్రివాడు కాకపోతే ఎవడు? కానీ ఆయన లెక్కలో తడిగోనె నీళ్ళ కిందకి రాదు. అది పనిముట్టు. చాకలికి బండ ఎలాగో, ఆయనకి అది అలాగ.

వెళ్తూ వెళ్తూ ఫిట్టరు ఇంకో మాట అన్నాడు. స్విచ్చు పెట్టె తాళంచెవి ఎప్పుడూ ఒక్కరి దగ్గరే ఉండాలి, ఇద్దరి దగ్గర ఉంటే ఎవరి దగ్గరా లేనట్టే. వచ్చే వారం మళ్ళీ వస్తానని, ఎవరు పొయ్యి నడుపుతారో వాళ్ళు తన కళ్ళ ముందు ఒకసారి వెలిగించి, కాల్చి, ఆర్పి చూపిస్తే వాళ్ళకే తాళంచెవి అప్పగిస్తానని చెప్పాడు. అందాకా మేకుకి తగిలించి ఉంచమన్నాడు. బట్టీ మామ ఆ మేకు వైపు తన మేనత్త ఆస్తిని చూసినట్టు చూశాడు.

మొదటి రోజే ఆయన తలుపు ఎదురుగా నిలబడి, రొట్టె రంగు చూడాలని ముఖం దగ్గరగా పెట్టి ఒక్క ఊపున తీశాడు. ఇటుక బట్టీకి తలుపుండేది కాదు, దాని వేడి తీరుబడిగా పలకరించేది. ఇది అలా కాదు, మూసిన పెట్టెలో మగ్గిన వేడి ఒక్కసారిగా మీదికి దూకింది. ఆయన వెనక్కి గెంతి నిలదొక్కుకునేసరికి కుడి మీసం కొస వేయించిన జీలకర్రలా ముడుచుకుపోయి ఉంది. సాయంత్రం మంగలి దగ్గరికి వెళ్ళి ఎడమదాన్ని కూడా దానికి సరిపోయేలా కత్తిరించుకొచ్చాడు. అడిగినవాళ్ళకి కొత్త పొయ్యికి కొత్త మీసం అన్నాడు. కోడలు నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆవిడ పడ్డ అవస్థ పిండిముద్దకే తెలుసు. ఆ రోజు దాన్ని మామూలుకి రెట్టింపు పిసికింది.

ఆ కోడలి గురించి చెప్పాలి. ఆవిడ తండ్రి మోటార్లు బాగుచేసే మనిషి. ఇంటి నిండా రాగితీగ చుట్టలు, విప్పిన మోటార్లు. పిల్లలకి జోలపాట బదులు ఆయన ఒకటే మాట చెప్పి పెంచాడట, ముందు కరెంటు ఆపు, తర్వాతే మనిషిని ముట్టుకో అని. ఫిట్టరు చెప్పిన ప్రతి మాటా ఆవిడకి పుట్టింటి కబురులా వినిపించింది. మీసం కాలిన మర్నాటి నించి, ఫిట్టరు వచ్చేదాకానే అని చెప్పి బట్టీ మామ తలుపు ఆవిడకి వదిలాడు. ఆవిడ పక్కకి నిలబడి తలుపు తీసేది. పొడి గ్లౌజులు ఒక మేకుకి, చేతులు తుడుచుకునే పొడి తువ్వాలు ఇంకో మేకుకి తగిలించింది. వారం తిరిగేసరికి పొయ్యి ఆవిడ మాట వింటోంది. బన్నులు ఒకే రంగులో, ఒకే ఎత్తులో, పాఠశాల పిల్లల్లా వరసలో వస్తున్నాయి.

బట్టీ మామకి అందులో వంక దొరకలేదు. దొరకలేదు కాబట్టి కనిపెట్టాడు. నునుపేదీ అన్నాడు. మన రొట్టెలో దర్జీ తల దువ్వుకునేవాడు, ఈ రొట్టెలో కనీసం ముక్కు కూడా కనిపించడం లేదు అన్నాడు. కోడలు, అదీ నిజమే మామయ్యా, ఏదో దారి చూద్దాం అంది. ఆ దారి ఆయనకి ఇదివరకే తెలుసు. పిండి బస్తాల వెనక దాచి ఉంచాడు.

ఫిట్టరు రావాల్సింది మర్నాడు పొద్దున. ఆ మధ్యాహ్నం కొడుకు వ్యానుతో బయటికి పోయాడు. భార్య ముందు గదిలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కునుకు తీస్తోంది. కోడలు పెరట్లో ట్రేలు కడుగుతోంది. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు అనుకున్నాడు బట్టీ మామ. రేపు ఫిట్టరు వచ్చేసరికి బీరువాలో అద్దాల్లా మెరిసే రొట్టెలు ఉండాలి. ఇవి ఎవరివి అని అతను అడగాలి. తను మీసం మెలేయాలి, మిగిలినంత మేరకి. తాళంచెవి దానంతటదే నడిచి జేబులోకి రావాలి.

పొయ్యి వేసి, వేడి అంకె ఎంత పైకి పోతే అంత పైకి పోనిచ్చాడు. మూడు రొట్టెముద్దలు తెడ్డు మీద పెట్టుకుని సిద్ధంగా ఉంచాడు. బస్తాల వెనక నించి కర్ర తీసి, గోనె చుట్టి, బకెట్లో ముంచాడు. ఆయన్ని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి, తలుపు మాత్రం పక్కకి నిలబడే తీశాడు. మీసం నేర్పిన పాఠం అది. తీసి, నీళ్ళోడుతున్న గోనెని రాతి పలక మీదికి తోశాడు.

చుయ్‌మంది. ఆ చప్పుడు వినగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఇల్లు ఇల్లులా ఉందనిపించింది.

ఆ వెంటనే ఆయన ఎరగని చప్పుడు ఇంకొకటి వచ్చింది. వేడెక్కి ఉన్న దీపం అద్దం మీద చల్లటి నీళ్ళు పడి టప్పున పగిలింది. తడి కర్ర పోయి ఆ పగిలిన చోట తగిలింది. పలక కింద నించి చిటచిటమని నీలం మెరుపు. ఆవిరి పొయ్యి నోట్లోంచి పొంగి చేతి మీదికి, తడిసిన చొక్కా చేతి మీదికి వచ్చింది. మోచేతి ఎముక లోపల ఎర్రచీమలు బారులు తీరి పాకినట్టయింది. కర్ర వదలాలో, లాగాలో, అసలు తన చెయ్యి తన మాట వింటోందో లేదో తెలియలేదు. అలాగే నిలబడిపోయాడు.

చప్పుడుకి కోడలు పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఒక్క చూపు చూసింది. బట్టీ మామ ఆ క్షణాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. ఆవిడ ఆయన దగ్గరికి రాలేదు. మేకుకున్న పొడి తువ్వాలు లాగి చేతులు తుడుచుకుంది. రెండు చేతులూ, శుభ్రంగా. అడుగు రబ్బరు చాప మీద వేసి మెయిన్ కిందికి దింపింది. గదిలో దీపం ఆరింది, పొయ్యిలో గుర్రు, ఎముకలో చీమలు ఎప్పుడు ఆగాయో ఆయనకి తెలియలేదు. అప్పుడొచ్చి ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

పెరట్లో కుళాయి కింద చెయ్యి పెట్టించి నిలబెట్టింది. నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆయనకి మాట వచ్చాక మొదట వచ్చింది నిష్ఠూరం.

"నేను అక్కడ చస్తుంటే నువ్వు చేతులు తుడుచుకుంటున్నావా అమ్మాయ్?"

"ట్రేలు కడుగుతున్న చేతులు మామయ్యా. తడి చేత్తో స్విచ్చు పట్టుకున్నా, మిమ్మల్ని పట్టుకున్నా మీ వెంటే వచ్చేదాన్ని. మీరు పోయినచోట కూడా నేనే పిండి పిసకాలా?"

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి మండింది. వెన్న రాస్తే చల్లబడుతుంది, వెన్న తెమ్మన్నాడు. వెన్న బన్నులోకి, కాలిన చేతికి నీళ్ళే అంది. చెయ్యి తీయనివ్వలేదు. తడిసిన చొక్కా చెయ్యి ఇంకా వేడిగానే ఉంది, తీసెయ్యాలి అని మణికట్టు దగ్గర బొత్తాం మీద చెయ్యి వేసింది. ఆయన చటుక్కున వెనక్కి లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు. బొత్తాలు విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచింది.

ఇక్కడ మొదట చెప్పిన మాట ఒకటి వెనక్కి తీసుకోవాలి. ఆ చేతి మీద మచ్చ లేని చోటు వెతకడం కష్టం. పొడుగువి, గుండ్రటివి, పాతవి, మరీ పాతవి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నవి. బట్టీ గుమ్మం అంచు తగిలిన చారలు మణికట్టు నించి మోచేతి దాకా నిచ్చెన మెట్లలా ఉన్నాయి. పెళ్ళికొడుకు చొక్కా కింద దాచిన సంసారమంతా బయటపడింది.

కోడలు చాలాసేపు చూసింది. "ఏం మామయ్యా, నిప్పు మాట తప్పిందా?" అంది మెల్లగా.

ఆయన కుళాయి వైపు చూస్తూ, నిప్పు పాపం ఎప్పుడూ తప్పలేదమ్మా, మధ్యమధ్యలో నేనే తప్పాను అన్నాడు. ఈ సంగతి బయట చెప్పకని బతిమాలుకున్నాడు. ఆవిడ తలూపింది. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి కట్టు కట్టించుకొచ్చింది. ఇంట్లో అడిగినవాళ్ళకి ఆవిరి తగిలిందని మాత్రం చెప్పింది. మెయిన్‌కి తాళం వేసి, ఫిట్టరు వచ్చేదాకా ఎవరూ పొయ్యి ముట్టుకోవద్దని తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించింది. ఆ రోజు బీరువా ఖాళీ. వచ్చినవాళ్ళకి బట్టీ మామ భార్య ఖాళీ బీరువా చూపించి, ఇవాళ గాలి రొట్టెలు, ఎన్ని కావాలో తీసుకోండి అంది.

పొద్దున ఫిట్టరు వచ్చాడు. రొట్టెల కోసం వచ్చిన దర్జీ, పాలాయన, ఇంకో నలుగురు, ఏదో జరిగిందని వాసన పట్టి వెనక గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఫిట్టరు పొయ్యి తలుపు తీసి, లోపల చూసి, పెన్సిలుతో అద్దం పెంకుల్ని కదిపాడు. పలక కింద ఎర్రగా తుప్పు పట్టిన నీటి మరక కనిపించింది.

"ఈ వారం పొయ్యి నడిపింది ఎవరు?" అన్నాడు.

అందరి చూపులూ కోడలి మీదికి వెళ్ళాయి. నడిపింది ఆవిడే కదా. అవును నేనే, అద్దం మార్చాలండి అంది ఆవిడ. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. దర్జీ మంచివాడు, మంచివాళ్ళు చేసే చెడు పనే చేశాడు. పోన్లెండి, కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి, పగలకుండా ఉంటాయా అని వెనకేసుకొచ్చాడు. నలుగురూ అవునవునన్నారు. ఫిట్టరు పెన్సిలు మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. పొయ్యి దగ్గర నీళ్ళు వాడే మనిషికి ఇది అప్పగించలేనమ్మా అని, మేకు నించి తాళంచెవి తీసి, పెద్దవారు మీరే ఉంచుకోండి అంటూ బట్టీ మామ చేతిలో పెట్టాడు.

చూశారా, తాళంచెవి నిజంగానే దానంతటదే నడిచొచ్చింది. అరచేతిలో చల్లగా, చిన్నగా ఉంది. ఆయన నోరు మూసుకుంటే చాలు. పొయ్యి ఆయనది, వెనక గది ఆయనది, బట్టీ మామ అన్న పిలుపు ఆయనది. కోడలు ఆయన వైపు చూడను కూడా లేదు. బల్ల మీద పిండి దులుపుకుంటోంది. నిన్న తడి తుడుచుకుని తన ప్రాణం కాపాడిన చేతుల్ని వీధంతా కలిసి నేర్చుకుంటున్న చేతులు అంటోంది. అది ఆయనకి నచ్చలేదు. కట్టు కింద మంట కంటే అది ఎక్కువ మండింది.

గొంతు సవరించుకున్నాడు. తాళంచెవి పళ్ళతో పట్టుకుని, కట్టు లేని చేతి బొత్తాం విప్పి, చొక్కా భుజం దాకా మడిచాడు. తాళంచెవి నోట్లోంచి తీశాడు.

"నీళ్ళు పోసింది నేను. ఇదిగో, నిప్పు ముట్టుకోని మనిషి చెయ్యి, తనివితీరా చూసుకోండి" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డవాళ్ళు మెడలు సాచారు. ఆయనకి ఒకసారి బరువు దిగాక హుషారు వచ్చింది. ఒక్కో మచ్చా చూపిస్తూ దాని చరిత్ర విప్పాడు. ఇది తెడ్డు జారిన రోజుది. ఇది పెళ్ళయిన వారంలోది, పరధ్యానం. ఈ గుండ్రటిది దర్జీతో కబుర్లు చెబుతూ బట్టీ మీద చెయ్యి ఆనించినందుకు, కాబట్టి ఇందులో సగం దర్జీదే. ముందు గదిలోంచి భార్య, అన్నిటికీ కట్లు కట్టింది నేనే, ఒక్కదానికీ నా పేరు చెప్పరేం అంది. జనం నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు. ఇన్నాళ్ళూ ఎండల్లో ఉడికిపోతూ మోసిన చొక్కా బరువు ఎంతో అప్పుడు తెలిసింది. తడిగోనె సంగతి కూడా దాచలేదు. కోడలు చేతులు తుడుచుకున్న సంగతి చెప్పేటప్పుడు తువ్వాలు తీసి ఎలా తుడుచుకుందో చేసి మరీ చూపించాడు.

ఫిట్టరు తిన్నగా కోడలి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదమ్మా అన్నాడు. లీకైతే తనంతట తనే పడిపోయే చిన్న స్విచ్చు ఒకటి పెట్టెలో ఉందని, నిన్న అది కూడా పడిందని చూపించాడు. "అది దాని పని చేసింది. చేసిందో లేదో అని చూస్తూ నిలబడకుండా మీరు మీ పని చేశారు. రెండూ ఉండాలి" అన్నాడు. ఆ మనిషి ఒక్కరోజులో అన్ని మాటలు ఖర్చు పెట్టడం అదే మొదలట.

బట్టీ మామ కోడలిని పిలిచి తాళంచెవి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆ చెయ్యి అందరికీ కనిపించేలా పైకెత్తాడు. మోచేతి దాకా పిండి తప్ప మరేమీ లేదు.

"దీని మీద మచ్చ లేకుండానే ఈ చెయ్యి ముసలిదవ్వాలి. గొప్ప అంటే అదీ" అన్నాడు.

అద్దం మారింది, కడ్డీలు ఆరాయి, ఫిట్టరు ఎర్త్ వైరు దగ్గర నించి అన్నీ మళ్ళీ పరీక్ష చేశాడు. కోడలు మెయిన్ ఎత్తి, పొయ్యి కాగనిచ్చి, రొట్టెలు పెట్టింది. పెట్టేముందు ఒక పని చేసింది. మధ్య గదిలో, పొయ్యికి దూరంగా, బల్ల మీదే మెత్తటి కుంచె నీళ్ళలో ముంచి, బాగా విదిలించి, ఒక్కో ముద్ద పైనా సన్నగా తడి అద్దింది. వారమంతా ఆవిడ వెతికిన దారి అది. తడి బల్ల దగ్గరే ఆగిపోయింది, పొయ్యి దగ్గరికి వచ్చింది ముద్దలు మాత్రమే. పొయ్యి మీది గడియారం గంట మోగింది. ఆవిడ గ్లౌజులు వేసుకుని పక్కకి నిలబడి బెత్తెడు సందు తీసింది, ఆవిరి పోయింది, పూర్తిగా తీసింది. దర్జీ ముందుకొచ్చి మొదటి రొట్టె మీదికి వంగి, జేబులోంచి దువ్వెన తీశాడు. బట్టీ మామకి ఆ దువ్వెన చూడగానే కళ్ళు చెమర్చాయి. ఆవిరి అని చెప్పాడు.

అదే రోజు దర్జీ దగ్గర సుద్దముక్క అడిగి మధ్య గదికీ వెనక గదికీ మధ్య నేల మీద ఒక గీత గీశాడు. తర్వాత దాని మీద తెల్లరంగు వేయించాడు. తడి అనేది ఏ రూపంలో ఉన్నా ఆ గీత దాటకూడదు. దానికి కావలి ఆయనే. తడిగోనె కర్రకి గోనె ఊడింది, ఎండబెట్టిన ఉత్త కర్ర మిగిలింది. అది పట్టుకుని గీత దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు. కొడుకైనా సరే, ఫిట్టరైనా సరే, చేతులు చూపించి వెళ్ళాల్సిందే. ఒకసారి భార్య తడి జుట్టుతో అటు వెళ్ళబోతే కర్ర అడ్డం పెట్టాడు. ఆవిడ ఆ పూట ఆయనకి పొడి బన్నే పెట్టింది, టీ పెట్టలేదు. అయినా ఆయన కర్ర తీయలేదు. గంట మోగే కాస్త ముందు ముక్కు పైకెత్తి, అయింది అమ్మాయ్ అని కేకేస్తాడు. వాసన బట్టి చెబుతున్నానంటాడు. స్టూలు వేసుకున్న చోటు నించి పొయ్యి మీది గడియారం చక్కగా కనిపిస్తుందని కోడలికి తెలుసు. కానీ కొన్నిసార్లు ఆయన వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడు కూడా చెప్పాడని, అదెలాగో తనకి తెలియదని ఆవిడే ఒప్పుకుంది.

ఇప్పుడాయన పొట్టి చేతుల చొక్కాలే వేసుకుంటున్నాడు. వీధిలోకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా పిలిచి కూర్చోబెట్టి, మా కోడలి ఒంటి మీద నిప్పు ఒక్క మచ్చ కూడా వెయ్యలేదు అని చెబుతాడు. కావాలంటే వెళ్ళి చూసుకోండి, చేతులు ఆరబెట్టుకుని వెళ్ళండి అంటాడు. ఇది నిజం. ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు.

ఆ మాట అని ఆయన మీసం మెలేస్తాడు అని ఇక్కడ రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. మొదటి నించి చెప్పినదాంట్లో పొయ్యి నిజం, మచ్చలు నిజం, తువ్వాలు నిజం, పొయ్యి దింపిన రోజు కుక్కలు కూడా పక్కన నడిచిన మాట నిజం. మీసం ఒక్కటి కల్పితం. బట్టీ మామకి ఏనాడూ మీసం లేదు, నిప్పుల ముందు నిలబడేవాడు మీసం పెంచితే ఎన్నాళ్ళు ఉంటుంది? కానీ అంత గర్వపడే మనిషిని ఉత్త ముఖంతో నిలబెట్టడానికి చెయ్యి రాలేదు. మెలేయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని, అతికించాను.